కుక్కకైనా ఉడికించే పెట్టాలి

ఈ వారం హిందూపురంలో మటన్ అంగడి దగ్గర ఒక కుర్రాడు గొర్రె ఊపిరితిత్తులు, పేగులు కవర్లో కట్టించుకుంటున్నాడు. ‘‘కుక్కకు సార్. పచ్చిదే పెడతా, బలం’’ అన్నాడు. నాకు ఒళ్లు మండింది.

పచ్చిమాంసమైనా పచ్చిపాలైనా జబ్బు మోసుకొస్తాయి. పాలు కాచకుండా తాగొద్దని ఇక్కడ ఎన్నిసార్లు రాశానో పాత పాఠకులకు తెలుసు. మా అవ్వ పాలు పొంగినాక కూడా సన్నసెగ మీద ఉంచేది. పశువుల క్షయ పచ్చిపాలతో మనిషికి వస్తుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. క్షయ భయం మాత్రం తెలుసు. 1915లో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానటోరియం వెలిసినప్పటి నుంచి చాలాకాలం సీమలో ఆ జబ్బుకు ఆ ఊరే దిక్కుగా ఉండేది. ఫలానావాళ్లను ఆరోగ్యవరం తీసుకుపోయారంటే వీధంతా గొంతు తగ్గించి మాట్లాడేది. 1948లో మన దేశంలో బీసీజీ టీకా మొదలైన తొలి చోట్లలో మదనపల్లె ఒకటి. ఆ టీకా పుట్టింది పశువుల క్షయ క్రిమి నుంచే. శాస్త్రవేత్తలు కాల్మెట్, గెరాన్ దాన్ని 13 ఏళ్లు పెంచి పెంచి బలహీనపరిచారు.

బలహీనపడని క్రిమి పశువు ఊపిరితిత్తుల్లో గడ్డలు కడుతుంది. ఫ్రీజర్లో పెట్టినా చావదు. బ్రిటన్‌లో 2016–17లో వేటకుక్కల గుంపుకు సోకితే పచ్చి కళేబరాల మేత మీద అనుమానం పడింది. 2018–19లో పచ్చి జింకమాంసం తిన్న పెంపుడు పిల్లులకూ వచ్చింది.

గొర్రెల్లో ఈ క్షయ అరుదు. వాటితో మనకున్న ముప్పు నీటితిత్తులు. తిత్తులున్న కార్జమో ఊపిరితిత్తులో పచ్చిగా తిన్న కుక్క పేగుల్లో బద్దెపురుగులు పెరుగుతాయి. వాటి గుడ్లు కుక్క మలంతో మేతలో కలిసి గొర్రెకు, చేతులకు అంటుకుని పిల్లల నోటికి చేరతాయి. ఆ గుడ్ల నుంచి మనిషి కార్జంలో ఏళ్ల తరబడి పెరిగిన తిత్తికి ఆపరేషన్ చేయాల్సి రావచ్చు.

రెండింటికీ అడ్డుకట్ట ఒకటే: చిన్న ముక్కలు కోసి అరగంట ఉడకనివ్వడం.

ఆ కుర్రాడికి చెబితే ఉడికిస్తాడు, కుక్కకు పురుగుల మందూ వేయిస్తాడు. ప్రేమ ఉన్నవాడు. అంగళ్ల వెనక పారేసే కుప్పను ఎవరు ఉడికిస్తారు? పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కల పల్లెల్లో చచ్చిన గొర్రెను మందకుక్కలు పీక్కుతింటే ఎవరు ఆపుతారు? నా కోపం చేరాల్సింది అక్కడికి. గడ్డ, తిత్తి కనిపించిన అవయవాన్ని కుక్కకు విసరకుండా లోతుగా పూడ్చాలి. పశువైద్యుడు చూడని మాంసం అంగట్లో వేలాడకూడదు. ఈ రెండు మాటలూ కొనేవాళ్లం మనమే గట్టిగా అడగాలి.