వీరగాథ విస్మరించిన సాక్షి

అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్న నా పూర్వ విద్యార్థి ఒకడు శాన్ ఆంటోనియోలోని అలమో కోట ఫోటో పంపాడు. "మాస్టారూ! స్వాతంత్ర్యం కోసం ప్రాణాలిచ్చిన వీరుల స్థలమండీ ఇది" అని రాశాడు. ఆ మాటే నాచేత ఈ వ్యాసం రాయిస్తున్నది.

1836 ఫిబ్రవరి 23 నుంచి మార్చి 6 వరకు మెక్సికో అధినేత శాంతా అన్నా సేనలు ఆ కోటను ముట్టడించాయి. ట్రావిస్, బౌవీ, డేవీ క్రాకెట్‌లతో సహా లోపల పోరాడినవారు దాదాపు అందరూ హతులయ్యారు. ఇంతవరకు చరిత్ర. 1954-55 నాటి డిస్నీ టెలివిజన్ కథ, 1960 నాటి జాన్ వేన్ చిత్రం క్రాకెట్‌ను తుదిక్షణం దాకా పోరాడిన మహావీరుడిగా జనం మనసుల్లో ప్రతిష్ఠించాయి. మెక్సికన్ సైనికాధికారి దె లా పెన్యా జ్ఞాపకాలు మాత్రం క్రాకెట్‌ను పట్టుకున్న తర్వాత చంపారని చెబుతాయి. 1975లో వాటి ఆంగ్లానువాదం వెలువడినప్పుడు వీరుణ్ణి అవమానించారని గగ్గోలు పుట్టింది. ఆ రాతప్రతి అసలుదా, నకిలీదా అని పండితులు ఏళ్ల తరబడి వాదించుకున్నారు.

నా దృష్టిలో ఈ వాదమే దారి తప్పింది. పట్టుబడి చనిపోయినంత మాత్రాన మనిషి పిరికివాడు కాడు. పైగా 1830లో అమెరికా ఆదివాసులను వారి నేల నుంచి తరలించే బిల్లుకు వ్యతిరేకంగా ఓటు వేసినవాడు క్రాకెట్. మన అభ్యుదయ విమర్శకులు కూడా కొందరు, వీరుడి విగ్రహం పగిలితే చాలు, విమర్శ పూర్తయిందనుకుంటారు. అడగవలసిన ప్రశ్న వేరు. అక్కడ గెలిచిన స్వాతంత్ర్యం ఎవరిది?

మెక్సికో 1829లో బానిసత్వాన్ని రద్దు చేస్తే, టెక్సాస్ వలసదారులు పట్టుబట్టి మినహాయింపు సంపాదించుకున్నారు. శాంతా అన్నా నియంతే. 1824 రాజ్యాంగాన్ని తుంగలో తొక్కినవాడే. తిరుగుబాటుకు అదీ ఒక కారణమే. కాని టెక్సాస్ 1836లో రాసుకున్న రాజ్యాంగం బానిసలను విడిపించే అధికారం తన శాసనసభకే లేకుండా చేసింది. పత్తి సాగు లాభాల మీద నిలిచిన వర్గ ప్రయోజనం అది.

ట్రావిస్ బానిస జో ఆ కోటలోనే ఉండి, బ్రతికి బయటపడ్డాడు. లోపల జరిగినదంతా టెక్సాస్ నాయకులకు చెప్పినవాడు అతడే. విన్నారు, విని అతణ్ణి ట్రావిస్ ఆస్తిలో జమకట్టారు. 1837లో అతడు పారిపోతే, పట్టి తెచ్చినవారికి 50 డాలర్లు ఇస్తామని పత్రికలో ప్రకటన వేశారు.

2021లో ఈ విషయాలనే చర్చించిన 'ఫర్గెట్ ది అలమో' పుస్తకంపై ఆస్టిన్‌లోని రాష్ట్ర చరిత్ర మ్యూజియం తలపెట్టిన గోష్ఠి, లెఫ్టినెంట్ గవర్నర్ జోక్యంతో రద్దయింది. చరిత్రను వక్రీకరిస్తున్నారన్నదే ఇలాంటి చోట్ల పాలకుల ఆరోపణ. కొత్త సాక్ష్యం దొరికినప్పుడు చరిత్రను సవరించుకోవడం వక్రీకరణ ఎలా అవుతుంది? ఉన్న సాక్షిని కథలోంచి తొలగించడమే వక్రీకరణ.

నా విద్యార్థికి జవాబు రాశాను: "నాయనా, ఈసారి అక్కడికి వెళ్లినప్పుడు జో గురించి అడిగి చూడు."