రిటర్నల్: మృత్యువు గురువైన ఆట

2022 ఏప్రిల్ 7వ తేదీన లండన్ నగరమున బ్రిటిష్ అకాడమీ (బాఫ్టా) వారు వీడియో గేములకు వార్షిక బహుమానములు ప్రకటించినపుడు, సర్వోత్తమ క్రీడ యను గౌరవము ఫిన్లండు రాజధాని హెల్సింకిలోని హౌస్‌మార్క్ సంస్థ నిర్మించిన ‘రిటర్నల్’కు లభించినది, సంగీతమునకు, ధ్వనిశిల్పమునకు, ప్రధానపాత్రాభినయమునకు ఏర్పరచిన బహుమానములు సైతము దానికే చేరినవి. అంతకు ముందటి సంవత్సరము అదే గౌరవమును పొందినది ‘హేడీస్’. ఈ రెండు ఆటలకును కథలో గాని, దృశ్యరూపములో గాని పోలిక స్వల్పము. అయినను రెండింటిని శాసించు ధర్మ మొక్కటే. క్రీడాకారుడు మరణించినచో, సంపాదించినదానిలో అధికభాగము పోగొట్టుకొని, మొదలిడిన చోటికే రావలయును. ఓటమిని ఇంత నిర్దయగా విధించు క్రీడాసంప్రదాయ మొకటి వరుసగా రెండేండ్లు అత్యున్నత సత్కారము నందుకొనుట కాకతాళీయము కాదు. ఆ సంప్రదాయమున కొక శిల్పమున్నది. ఆ శిల్పమున కొక విలువ యున్నది. రిటర్నల్‌ను గూర్చి విమర్శకులు పలికిన ప్రశంసలును, చేసిన ఆక్షేపణలును ఆ విలువను నిర్ణయించుకొనుటకు మిక్కిలి తోడ్పడును.

ఆ సంప్రదాయపు పుట్టుక యిట్టిది. 1980 ప్రాంతమున కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు విద్యార్థులైన మైకేల్ టాయ్, గ్లెన్ విచ్‌మన్ అనువారు ‘రోగ్’ అను ఆటను రచించిరి. పిమ్మట కెన్ ఆర్నాల్డ్ వారితో చేరెను. అందు చిత్రములు లేవు. తెరపై కనబడు ముద్రాక్షరములే గోడలు, ద్వారములు, రాక్షసులు. కాని ఆ యక్షరముల వెనుక రెండు కఠిననియమము లుండెను. నేలమాళిగలోని మార్గములను ప్రతిపర్యాయమును కంప్యూటరే క్రొత్తగా కల్పించును. మరణించిన వీరుడు మరల లేవడు, వెనుకటి స్థితిని పునరుద్ధరించుకొనుట కవకాశము లేదు. ఈ రెంటిని నిష్ఠతో పాటించు ఆటలకు రోగ్‌లైక్ లను పేరు వచ్చినది. 2013లో ‘రోగ్ లెగసీ’ యను ఆట ఈ నిష్ఠను కొంత సడలించి, మృతవీరుని ధనముతో అతని సంతానము బలపడి తిరిగి బయలుదేరునట్లు చేసెను. ఇట్లు మరణానంతరము ఏదో కొంత వారసత్వమును మిగుల్చు ఆటలను రోగ్‌లైట్ లని పిలుచు వాడుక అటుపిమ్మట వ్యాపించినది.

ఈ సంప్రదాయపు మర్మము అష్టావధానమును చూచిన తెలుగువారికి సులభముగ బోధపడును. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు ఏ యక్షరమును నిషేధించునో అవధానికి ముందుగా తెలియదు. ఇంటివద్ద కంఠస్థము చేసికొని వచ్చిన పద్యము సభలో పనికిరాదు. ఛందస్సును, శబ్దసంపదను, ధారణను చిరకాలాభ్యాసముచేత జీర్ణించుకొన్నవాడే, ఆ క్షణమున పుట్టిన నిర్బంధమును ఆ క్షణముననే దాటగలడు. రోగ్‌లైట్ ఆటలోని యాదృచ్ఛికతయు అట్టి పృచ్ఛకుడే. గదుల వరుస ఒకమారు ఉన్నట్లు మరియొకమారు ఉండదు గనుక దారిని బట్టీపట్టుట వ్యర్థము. శత్రువు స్వభావమును, ఆయుధపు గుణమును, తన చేతి పరిమితిని ఎరుగుటయే సార్థకము. వీరుని వస్తువులు పోవును గాని క్రీడాకారుని విద్య పోదు. ఈ విద్యయే ఈ సంప్రదాయమునందు నిజమైన ధనము.

ఇట్టి సంప్రదాయములోనికి హౌస్‌మార్క్ వారు వేరొక దారిని వచ్చిరి. 1995లో స్థాపితమైన ఆ సంస్థ ఆర్కేడ్ ఆటల ఒరవడియందు ఆరితేరినది. 2013 నాటి ‘రెసోగన్’ వారికి కీర్తి తెచ్చినది. 2017లో, ఆర్కేడ్ యుగపు మేటి శిల్పి యైన యూజీన్ జార్విస్ సహకారముతో వారు వెలువరించిన ‘నెక్స్ మషీనా’ విమర్శకుల మెప్పును నిండుగా పొందియు విపణిలో నిలువలేకపోయినది. ఆ యేడే నవంబరులో, ఆర్కేడ్ కాలము చెల్లినదని బహిరంగముగ ప్రకటించి, ప్రాణప్రదముగ పెంచుకొన్న మార్గమును వారు విడిచిరి. సుమారు మూడున్నర యేండ్లకు, హ్యారీ క్రూగర్ దర్శకత్వమున, 2021 ఏప్రిల్ 30వ తేదీన ప్లేస్టేషన్ 5 యంత్రమునకై రిటర్నల్ వెలువడెను. దాని నాడినవారికి వెంటనే స్ఫురించిన దేమనగా, వారు విడిచినది బాహ్యరూపమే గాని ప్రాణము కాదని. నలుదిక్కులనుండి వర్తులాకారమున వ్యాపించి వచ్చు కాంతిగోళములు, వాని నడుమ వెంట్రుకవాసి సందులలో తప్పించుకొను లాఘవము, ఈ ఆర్కేడ్ సొత్తంతయు త్రిపరిమాణ ప్రపంచములోనికి, గంభీరమైన కథలోనికి వలస వచ్చినది.

ఆ కథ యిది. సెలీన్ వాసోస్ అను అంతరిక్షాన్వేషకురాలు, ‘వైట్ షాడో’ యను నొక సంకేతమును వెంబడించి, ఆట్రోపోస్ గ్రహముపై తన నౌక కూలగా చిక్కుపడును. అచ్చట ఆమెకు మొదట కనబడునది తన శవమే. వినబడునది తాను పలికినట్లు జ్ఞప్తిలేని తన గొంతే. చచ్చినప్పుడెల్ల కూలిన నౌకయొద్దనే మేల్కొనును; గ్రహము తన రూపును మార్చుకొని యుండును. నిర్జనారణ్యమధ్యమున ఆమె భూలోకగృహ మొకటి ప్రత్యక్షమై, తలుపు తెరచి ఆమె పూర్వస్మృతులను కొంచెము కొంచెముగ బయలుపరచును. ఆట నడిమికి వచ్చునప్పటికి సెలీన్ రక్షింపబడి, భూమికి చేరి, వృద్ధురాలై, సహజమరణము నొందును. ఆ మరణమునుండియు ఆట్రోపోస్‌పైననే కన్ను తెరచును. ఇతరములైన ఆటలలో ‘మరల ప్రయత్నింపు’ మనునది కథకు వెలుపల నుండు యంత్రసౌకర్యము. ఇచట అదియే కథ. క్రీడాకారుని యలసటయు సెలీన్ దుఃఖమును ఒకే చక్రమునకు కట్టుబడి తిరుగుచుండుటచేత, రూపమును భావమును వేరుచేయరాని స్థితి యేర్పడినది. ఈ యాటకు గల ప్రథమగౌరవ మిదియే.

ఇక యుద్ధశిల్పము. శత్రువులను దెబ్బ తగులకుండ సంహరించుచు పోయినచో అడ్రినలిన్ అను శక్తి ఐదంతస్తుల వరకు పెరుగుచు, ఒక్కొక్క యంతస్తునందు ఒక్కొక్క వరమిచ్చును. ఒక్క దెబ్బ తగిలినచో అన్నియు ఒకేమారు కూలును. వేగముగ దూకు ‘డ్యాష్’ క్రియ క్షణకాలము దేహమును అభేద్యము చేయును గనుక, గుండ్లవాననుండి పారిపోవుటకంటె దానిగుండ దూకుటయే క్షేమమని కొంతకాలమునకు తెలియవచ్చును. భయమే రక్షణ యని నమ్మినవానికి ధైర్యమే రక్షణ యని బోధించు నియమమిది. మరియొక ప్రక్క లోభమునకు పరీక్ష గలదు. కొన్ని వస్తువులు కలుషితములు; వానిని ముట్టినచో లాభము రావచ్చును, కవచమున లోపము పుట్టవచ్చును. పరాన్నజీవులను దేహమున కంటించుకొన్నచో ఒక మేలును ఒక కీడును తప్పక కలుగును. ఇట్లు ప్రతి గదియందును చేతికి లాఘవము, మనస్సునకు వివేకము అను రెండు శిక్షణలు జంటగా సాగును.

విమర్శకులు ఈ శిల్పమును గుర్తించుటలో ఆలస్యము చేయలేదు. సమీక్షల సారమును లెక్కగట్టు మెటాక్రిటిక్‌లో ఈ యాటకు నూటికి 86 వచ్చినది. యుద్ధపు వడి, గ్రహపు భయానకసౌందర్యము, బాబీ క్రిలిక్ సమకూర్చిన మంద్రగంభీరసంగీతము, సెలీన్‌కు గాత్రమిచ్చిన జేన్ పెర్రీ నటన పలువురి ప్రశంసల నందుకొన్నవి. కంట్రోలర్‌ను వాడుకొన్న నేర్పు విశేషముగ మెచ్చబడినది. చినుకులు పడుచున్నపుడు అరచేతులలో సూక్ష్మస్పందన కలుగును. ట్రిగ్గరును సగము నొక్కినచో గురి, పూర్తిగ నొక్కినచో వేరొక యస్త్రము సిద్ధించును. ఆట వెలువడిన రెండు మాసములకే, 2021 జూన్‌లో, సోనీ సంస్థ హౌస్‌మార్క్‌ను కొనివేసెను.

ఆక్షేపణలును బలమైనవే. అమెరికాలో డెబ్బది డాలర్ల వెల పెట్టి కొన్న యాటయందు, మంచి యాయుధము లభింపని దురదృష్టముచేత గంటల శ్రమ వ్యర్థమగుట న్యాయమా యని కొందరు ప్రశ్నించిరి. అంతకంటె పెద్ద కలహము ఆటను నడుమ ఆపి దాచుకొను సౌకర్యము లేకపోవుటను గూర్చి పుట్టెను. ఒక్క ప్రయాణమునకు రెండు గంటలు, కొన్నివేళల అంతకు మించియు పట్టవచ్చును. యంత్రమును నిద్రావస్థలో ఉంచుటయే అప్పటికి గతి. ఇంటిలో మరియొకరు వేరొక యాట నారంభించినను సాధించినది మంటగలిసెడిది. చంటిబిడ్డల తల్లిదండ్రులు, ఉద్యోగస్థులు మొరపెట్టుకొనిరి. సంప్రదాయాభిమానులు కొందరు, ఆ మాత్రము కాఠిన్యము లేనిచో ఆటకు రుచియే లేదని వాదించిరి.

నా యభిప్రాయమున ఇచట మొరపెట్టినవారిదే న్యాయము. కష్టమునందు రెండు జాతులున్నవి. ఒకటి ఓడినవానికి తన లోపమును చూపి విద్య నిచ్చునది. రెండవది వాని కాలమును హరించి యేమియు నీయనిది. శత్రువు చేతిలో చచ్చుట మొదటిది. బిడ్డ యేడ్చినందున రెండు గంటల శ్రమను కోల్పోవుట రెండవది. నిర్మాతలు ఈ భేదమును గ్రహించిరనుటకు 2021 అక్టోబరులో వారు చేసిన సవరణయే ప్రమాణము. ప్రయాణమును నడుమ నిలుపు వెసులుబాటును వారు కల్పించిరి. కాని అది ఒక్కమారే పనికివచ్చును, తిరిగి ఆట మొదలుపెట్టగానే చెరిగిపోవును, బాస్ అను ప్రధానశత్రువుతో పోరాడు వేళ దొరకదు. మనుష్యుని కాలమును మన్నించియు, మృత్యువు నియమమునకు భంగము రానీయని పరిష్కారమది. తరువాత 2022 మార్చిలో ఇరువురు కలిసి యాడు పద్ధతిని, గ్రీకు పురాణపాత్రయైన సిసిఫస్ పేర అంతులేని గోపురమును చేర్చిరి.

అయినను లోప మొకటి మిగిలియున్నది. ఈ యాటయందు కాఠిన్యమును తగ్గించుకొను మార్గము లేదు. వయస్సుచేతనో, దేహస్థితిచేతనో చేతివేగము చాలనివారికి ఈ కథాద్వారము మూసియే యున్నది. హేడీస్‌లో, కోరుకొన్నవారికి ప్రతి మరణముతోను రక్షణ కొంచెము పెరుగు ఏర్పాటున్నది. దానివలన ఆ యాట గౌరవ మేమియు తగ్గలేదు. ఈ విషయమున రిటర్నల్ తన సోదరకృతినుండి నేర్చుకొనవలసినది గలదు.

మన తెలుగునాట యువతీయువకులు ఇట్టి ఆటలను తీవ్రమైన ఆసక్తితో ఆడుచున్నారు. నవలను, నాటకమును, చలనచిత్రమును శ్రద్ధతో పరిశీలించు మన విమర్శకులు ఈ కళను కూడ అట్లే పరిశీలింపవలెనని నా ప్రార్థన. కఠినమైన ఆట ఎదురైనపుడు దానిని రెండు ప్రశ్నలు అడుగుడు: ఓడించిన ప్రతిమారు ఇది ఏమైన నేర్పుచున్నదా? ఆడువాని కాలమును గౌరవించుచున్నదా? మొదటి ప్రశ్నకు రిటర్నల్ పుట్టిననాడే అవునని సమాధానము చెప్పెను. రెండవదానికి విమర్శకుల మాట విని చెప్పెను. రెండింటికిని అట్లు సమాధానము చెప్పగల ఆట, ఎంత కఠినమైనదైనను, ఉత్తమకళయని పిలువదగినదే.