పొరలు పేర్చిన శుభాకాంక్షలు

పొరల డై-కట్ కార్డులో బొమ్మను గీయరు, అచ్చు వేయరు. రంగు కాగితాలను ఆకారాలుగా కత్తిరించి, ఎత్తులు మారుస్తూ ఒకదానిపై ఒకటి అంటిస్తారు. పక్కనుంచి వెలుగు పడగానే పై పొర నీడ కింది పొర మీద వాలుతుంది. కార్డుకు లోతు తెచ్చేది ఆ నీడే. తెల్ల కాగితంపై తెల్ల జాలీ అంటించినా కంటికి నిండుగా ఉండడానికి కారణం అదే.

ఈ పద్ధతి కొత్తది కాదు. 19వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో వాలెంటైన్ కార్డులకు కాగితపు లేసు వాడేవారు. 1847లో అలాంటి కార్డు ఒకటి అమెరికాలోని వూస్టర్ పట్టణంలో స్టేషనరీ వ్యాపారి కూతురు ఎస్తర్ హౌలాండ్ చేతికి వచ్చింది. ఆమె ఇంగ్లండ్ నుంచి లేసు కాగితం తెప్పించుకుని, దాని కింద మెరిసే రంగు కాగితపు బిళ్లలు పెట్టింది. మడత కాగితాన్ని స్ప్రింగులా అమర్చి పై పొరను లేపింది. స్నేహితురాళ్లను కూర్చోబెట్టి, ఒకరు కత్తిరించడం, ఒకరు అంటించడం అంటూ పని పంచింది. ఆ వ్యాపారాన్ని 1881లో కార్డుల వ్యాపారి జార్జ్ విట్నీకి అమ్మేసింది. లేసు ఎవరైనా కొనుక్కోగలిగిందే. ఆమె కార్డుకు పేరు తెచ్చింది మాత్రం పేర్పు.

ఇలా ఆకారాలను కోసే అచ్చులే డైలు. అవి రెండు రకాలు. ప్రెస్సుల్లో ఉక్కు పట్టీని ఆకారం ప్రకారం వంచి ప్లైవుడ్‌లో బిగిస్తారు. పెళ్లి శుభలేఖలకు చేసే పంచింగ్, క్రీజింగ్ ఇలాంటి డైలతోనే. ఇంట్లో వాడేవి రేకులాంటి పలుచని ఉక్కు డైలు. డై అంచు కాగితం వైపు ఉండేలా రెండు ప్లాస్టిక్ పలకల మధ్య పెట్టి, చేతితో తిప్పే రోలర్ యంత్రంలోకి పంపుతారు. సన్నని పని సరిగా తెగకపోతే పలక కింద మరో కాగితం వేసి ఒత్తిడి పెంచాలి. డైకీ కాగితానికీ మధ్య మైనపు కాగితం పెడితే తెగిన ముక్క చిరగకుండా ఊడివస్తుంది. డైలే అక్కర్లేని కంప్యూటర్ కటింగ్ యంత్రాలూ ఉన్నాయి.

అసలు నేర్పు కాగితం ఎంపికలో ఉంది. అడుగు కార్డుకు 250 నుంచి 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు గ్రాములు), పై పొరలకు 200 చాలు. బడి పిల్లల చార్ట్ కాగితంతో మొదలుపెట్టడంలో తప్పు లేదు గానీ, అది అడుగు కార్డుగా నిలబడదు. కాగితంలో పీచు ఒక దిశగా పరుచుకుని ఉంటుంది. రెండు వైపులా మెల్లగా వంచి చూస్తే ఎటు సులువుగా వంగుతుందో అదే పీచు దారి; మడత దాని వెంటే వేయాలి. అడ్డంగా మడిస్తే అంచు పగులుతుంది. పైన మాత్రమే రంగు ఉన్న బోర్డు తెగినచోట తెల్లగా కనిపించి నీడను చెడగొడుతుంది కనుక లోపలిదాకా రంగున్న కాగితమే మేలు. పుదుచ్చేరిలో తయారయ్యే చేతి కాగితం లాంటివి నేపథ్యానికి అందంగా ఉంటాయి. పొడుగు పీచు వల్ల సన్నని డైలో మాత్రం అంచులు నూగునూగుగా వస్తాయి.

పేర్చేటప్పుడు చాలామంది ప్రతి పొర కిందా ఫోమ్ టేపు అంటిస్తారు. అన్నీ ఒకే ఎత్తున లేస్తే నీడలన్నీ ఒకేలా పడి కార్డు చప్పగా మారుతుంది. నేపథ్యాన్ని చదునుగా అంటించి, ప్రధాన ఆకారాన్ని మాత్రం 2 మి.మీ. ఫోమ్‌తో లేపాలి. పై చట్రం కింది పొర కంటే అన్ని వైపులా 3 మి.మీ. తగ్గితే కింది రంగు సన్నని గీతలా కనిపిస్తుంది. గులాబీకి ఒకే పువ్వును మూడు సైజుల్లో కోసి, మెత్తని స్పాంజి మీద పెట్టి గుండు మొన ఉన్న కడ్డీతో రేకులు ఒత్తితే అంచులు పైకి లేస్తాయి. జిగురు నడిమధ్యనే పెట్టాలి. అక్షరాలకు ఫోమ్ వద్దు. ఒకే పదాన్ని నాలుగుసార్లు కోసి వరుసగా అంటిస్తే దాదాపు మిల్లీమీటరు మందం వచ్చి చెక్కినట్టు కనిపిస్తుంది. నీటి జిగురు ఎక్కువైతే పలుచని కాగితం ముడతలు పడుతుంది. అగ్గిపుల్ల మొనతో చుక్కలు పెడితే చాలు.

తపాలాలో పంపేవాటికి బరువు కూడా చూసుకోవాలి. మడిస్తే 5×7 అంగుళాలుండే 300 జీఎస్‌ఎం అడుగు కార్డే దాదాపు 14 గ్రాములు తూగుతుంది. పొరలు, కవరు కలిస్తే మామూలు ఉత్తరం తొలి అంచె అయిన 20 గ్రాములు దాటిపోతుంది. అందుకే పోస్టాఫీసులో తూచాకే స్టాంపులు అతికించాలి.