మాయాశశిరేఖ పాట: ఎవరి అనుకరణ?

మగవాడు ఆడవేషం కట్టడం మన రంగస్థలానికి కొత్త కాదు. సంప్రదాయ కూచిపూడి భామాకలాపంలో సత్యభామ వేషం మగవారే కట్టేవారు. స్త్రీపాత్రలతోనే పేరు పొందిన స్థానం నరసింహారావు (1902-1971) 1956లో పద్మశ్రీ అందుకున్నారు. ఆ వేషంలో నటుడి మగతనం బయటపడితే వేషం చెడినట్లే. 1957లో మద్రాసునుంచి వెలువడిన విజయా వారి 'మాయాబజార్' ఈ ఏర్పాటును తలకిందులు చేసింది. ఘటోత్కచుడు శశిరేఖ రూపం ధరిస్తాడు. ఆ రూపాన్ని నటించినది సావిత్రి. అంటే ఒక స్త్రీ, స్త్రీవేషంలో ఉన్న మగవాణ్ణి నటించాలి. అతని మగతనం అప్పుడప్పుడు బయటపడాలి కూడా.

మాయాశశిరేఖ పెళ్ళిపాటలో జరిగేది ఇదే. సుశీల గొంతుతో సాగుతున్న పాటలోకి మధ్యలో ఘంటసాల గొంతు వస్తుంది. పెదవులు సావిత్రివే. గొంతుతోపాటు భుజాలు, అడుగు మారిపోతాయి. ఇక్కడ తెలుగు వ్యాకరణం కూడా తోడ్పడుతున్నది. 'వచ్చాడు', 'వచ్చింది' అనే భేదం మనకు ప్రథమపురుషలోనే. 'వచ్చాను' అన్నది ఎవరో క్రియ చెప్పదు. మరాఠీలో అయితే 'వెళ్తాను' అనడానికి పురుషుడు 'జాతో' అనాలి, స్త్రీ 'జాతే' అనాలి. తన పెళ్ళిని గురించి తానే చెప్పుకొనే ఈ పాటలో ఆడా మగా తేల్చే భారం గొంతు మీద, నడక మీద పడింది.

పేరడీకి ఒక మూలం ఉండాలి. ఇక్కడ మూలం అసలు శశిరేఖ అనుకుంటాం. కాని ఆమె కూడా సావిత్రే. తల వంచడం, ఓరగా చూడడం రెండు పాత్రలకూ ఉన్నాయి. నకిలీలో అవి పనిగట్టుకొని చేసినట్లు కనబడతాయి. అది చూశాక, అసలు శశిరేఖవీ నేర్చుకున్నవే కదా అనిపిస్తుంది. పెళ్ళికూతురి సిగ్గు సాధనతో పట్టుబడే అభినయమని ఈ పాట చూపుతున్నది. మా దృష్టిలో పేరడీ తగిలినది అక్కడే.

అయితే ఈ పాటకు లేని విప్లవాన్ని అంటగట్టనక్కరలేదు. బలం మగవాడిది, ఒద్దిక ఆడదానిది అనే పంపకం మీద నమ్మకం ఉంటేనే ఇక్కడ నవ్వు పుడుతుంది. ఇష్టం లేని పెళ్ళిని ఎదిరించే పని శశిరేఖకు దక్కలేదు. ఒక మగవాడు ఆమె రూపంలో వచ్చి చేశాడు. ఆమె చేయలేని ధిక్కారాన్ని ఆమె రూపం చేసింది. ప్రేక్షకుడు హాయిగా నవ్వగలగడానికి ఇదీ ఒక కారణం. అదే తెగువ నిజమైన శశిరేఖ చూపి ఉంటే ఇంత నవ్వేవారమా?

తమిళనాడులోని మన విద్యార్థులకు ఒక సౌకర్యం ఉన్నది. అదే 1957లో ఈ చిత్రం తమిళంలోనూ వచ్చింది. అందులోనూ ఆ పాత్ర సావిత్రిదే. రెండింటిలోని మాయారూప ఘట్టాలనూ పక్కపక్కన చూసి, ఏ మాట దగ్గర నడక మారుతున్నదో గుర్తించి రాయండి.