పొలానికి కార్తె, ఏటికి తిథి

ఏలూరు, తాడేపల్లిగూడెం చుట్టుపక్కల పల్లెల్లో పెద్దవాళ్లు రెండు లెక్కల మీద బతికారు. నారుమడికి సూర్యుణ్ణి చూశారు. నీటికీ పండక్కీ చంద్రుణ్ణి చూశారు. ఏ పనికి ఏ లెక్క పనికొస్తుందో తెలియడమే ఈ సంప్రదాయంలోని అసలు నేర్పని నా నమ్మకం.

చాంద్రమాన సంవత్సరానికి 354 రోజులే. సూర్యుడి లెక్కకు 11 రోజులు తక్కువ. ఆ తేడా పేరుకుని రెండున్నరేళ్లు దాటాక ఒక అధికమాసమవుతుంది. 2023లో శ్రావణం రెండుసార్లు వచ్చింది, 2026లో జ్యేష్ఠం రెండుసార్లు. ఇలా జరిగే నెలను నమ్ముకుని విత్తనం చల్లితే ఒక ఏడు ముందవుతుంది, ఒక ఏడు వెనకవుతుంది. అందుకే రైతు కార్తెను పట్టుకున్నాడు. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే పదమూడు, పద్నాలుగు రోజులే కార్తె. రోహిణి మే 25 ప్రాంతంలో, మృగశిర జూన్ 8కి, ఆరుద్ర 22కి వస్తాయి. ఏటా మహా అయితే ఒక రోజు అటూ ఇటూ.

రోహిణిలో రోళ్లు పగులుతాయంటారు. మృగశిర ప్రవేశించిన రోజు చేపల కూర తినాలన్న పట్టింపు ఇప్పటికీ ఉంది. ఆరుద్రకు నారు పోయాలి. మఖ పుబ్బలు వరుపైతే మహా కరువన్నారు. ఆగస్టు 17 నుంచి సెప్టెంబర్ రెండో వారం దాకా సాగే ఆ రెండు కార్తెల్లోనే సార్వా వరి పిలకలు వేసి పెరుగుతుంది, నీరు లేకపోతే తట్టుకోలేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలవ కింద ఊళ్లకు ఈ భయం తగ్గింది. అక్కడ నాట్ల తేదీ నీళ్లు వదిలే రోజును బట్టి నడుస్తుంది. మెట్ట మీద మాత్రం ఆకాశం చెప్పిందే వేదం.

నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసిన సామెత ఇంకొకటి: అనూరాధలో అనాథ కర్రయినా ఈనుతుంది. ముందు నాటినా, ఆలస్యంగా నాటినా, ఎవరూ పట్టించుకోని మడయినా నవంబర్ మూడో వారానికి వెన్ను తీస్తుందన్నమాట. దీనికి కారణం మొక్కలోనే ఉంది. పాత సార్వా రకాలు చాలావాటికి పగటి పొడవును పసిగట్టే గుణం ఉండేది. పగలు ఒక మేరకు తగ్గాకే పొట్ట పోసుకునేవి. పగటి పొడవు సూర్యుడి వల్ల మారేది కాబట్టి, సూర్యుడి లెక్కయిన కార్తె ఆ వరికి సరిగ్గా అతికింది. ఈ సంగతి ఏ పుస్తకమూ చదవకుండానే చేలో చూసి కనిపెట్టారు.

ఈ లెక్కా శాశ్వతం కాదు. నక్షత్రాల మీద కట్టింది కనుక ఋతువులతో పోలిస్తే సుమారు 72 ఏళ్లకు ఒక రోజు చొప్పున వెనకబడుతుంది. దక్షిణాయనం కర్కాటకం మొదట్లో, అంటే పునర్వసు నాలుగో పాదంలో మొదలవుతుందని 6వ శతాబ్దంలో వరాహమిహిరుడు రాశాడు. ఇప్పుడది జూన్ 21న, మృగశిర ముగిసే వేళకే వస్తోంది. సామెతలు ఇప్పటికీ పొలానికి సరిపోతున్నాయంటే, తరతరాల రైతులు వానను చూసి వాటిని సరిచేసుకుంటూ వచ్చారనే నాకు తోస్తుంది.

ఇక చంద్రుడు. రోజుకు సుమారు 50 నిమిషాలు, అంటే రెండు గడియలు ఆలస్యంగా ఉదయిస్తాడు. అట్లతద్ది నాడు ఉపవాసమున్న ఆడపిల్లకు గడియారం అక్కర్లేదు. పౌర్ణమి వెళ్లిన మూడో రోజు కనుక చీకటి పడ్డాక ఎంతసేపు ఎదురుచూడాలో ఇంట్లో అందరికీ తెలుసు. భీమవరం, కైకలూరు వైపు వనామీ చెరువుల మీద ఇదే పంచాంగం ఇంకో పని చేస్తోంది. రొయ్యలు ఎక్కువగా పెంకు విడిచేది అమావాస్య, పౌర్ణమి రోజుల్లోనని రైతులు మేత తగ్గిస్తారు, మినరల్స్ చల్లుతారు, రాత్రి ఏరేటర్లు ఆపరు. మెత్తటి సరుక్కి ధర రాదు కనుక పట్టుబడిని నాలుగు రోజులు వెనక్కి జరుపుతారు.

కొల్లేటికి తిథి ఇంతకన్నా పెద్ద విషయం. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే నీరంతా సముద్రానికి చేరాలంటే సుమారు 60 కిలోమీటర్ల ఉప్పుటేరే దారి. అమావాస్య, పౌర్ణమి వెళ్లిన ఒకటి రెండు రోజులకు పోటు బాగా ఎక్కువవుతుంది, సముద్రం ఎదురు తోస్తుంది. అష్టమి, నవమి నాటికి మందగిస్తుంది. ఎండాకాలం కొల్లేరు అడుగంటితే ఆ పోటుకే ఉప్పునీరు పైకి ఎగదన్నుతుంది. 2024 సెప్టెంబర్ 1న విజయవాడను ముంచిన బుడమేరు వరద కొల్లేటికే చేరాలి. సెప్టెంబర్ 2 అమావాస్య. నీరు దిగాల్సిన దారికి అవి అన్నిటికన్నా చెడ్డ రోజులు.

అందుకే లంక గ్రామాల పంచాయతీ బోర్డుల మీద తిథి, పక్కన పోటు వేళ, దాని పక్కన ఉప్పుటేరు నీటిమట్టం రోజూ రాసి పెట్టాలని నా కోరిక. వరదొచ్చినప్పుడు పశువుల్ని ఇవాళే గట్టు దాటించాలా, రేపటిదాకా ఆగొచ్చా అన్నది ఆ మూడింటినీ కలిపి చూస్తేనే తేలుతుంది.