నడుము దాచే గుట్టు

గజ్జల్లో పట్టేసిందంటూ కుంటుతూ వచ్చిన ఫాస్ట్ బౌలర్‌ని మంచి ఫిజియో రాగానే సాగదీయరు. బల్ల అంచున కూర్చోబెట్టి వెల్లకిలా వాలుస్తారు. బాగున్న కాలి మోకాలిని రెండు చేతులతో గుండెకు హత్తుకోమంటారు. నొప్పి ఉన్న కాలు అంచు నుంచి కిందికి వేలాడుతుంది, నొప్పి ఒప్పుకున్నంత వరకే.

వేల్స్‌లో ఎముకలు సరిచేసే కుటుంబంలో పుట్టి, లివర్‌పూల్‌లో వైద్యం చేసిన హ్యూ ఓవెన్ థామస్ 1870ల్లో చెప్పిన పరీక్ష ఇది. ఆయన రోగిని బల్ల మీద చదునుగా పడుకోబెట్టేవాడు. కాలు వేలాడదీయడం తర్వాతివాళ్లు చేర్చింది. అసలు తెలివంతా థామస్‌దే. తుంటి ముందు కండరం బిగిసినా, మామూలుగా పడుకుంటే కాలు తిన్నగానే కనిపిస్తుంది. నడుము విల్లులా వంగి ఆ లోటును కప్పేస్తుంది. రెండో మోకాలిని ఛాతీకి లాగితే కటి తిరిగి నడుము బల్లకు ఆనుతుంది. ఇక లోటు దాక్కోవడానికి చోటుండదు, తొడ పైకి లేస్తుంది. ఏ పరికరమూ అక్కర్లేని ఇంత చక్కటి పరీక్షలు వైద్యంలో కొన్నే ఉంటాయి.

తొడ కిందికి దిగకపోతే, వేలాడే మోకాలిని మెల్లగా చాచి చూస్తారు. అప్పుడు దిగిందా, బిగువు రెక్టస్ ఫిమోరిస్‌ది. ఆ కండరం తుంటినీ మోకాలినీ రెండింటినీ దాటి పోతుంది కాబట్టి, మోకాలు చాచగానే వదులవుతుంది. అప్పటికీ దిగలేదా, అనుమానం లోతుగా ఉన్న ఇలియోసోయాస్ మీదికి పోతుంది. నడుము వెన్నుపూసల నుంచీ కటి ఎముక లోపలి పల్లం నుంచీ వచ్చే పాయలు కలిసి తొడ ఎముక లోపలి చిన్న బుడిపెకు అతుక్కునే కండరం అది.

ఇక కోలుకునే పని. మొదట కుర్చీలో కూర్చుని మోకాలిని పైకి తోస్తూ, అరచేత్తో దాన్ని అదిమి పట్టాలి. కాలు కదలదు, కండరం మాత్రం పనిచేస్తుంది. కొన్నాళ్లకు పడుకుని, పాదానికి రబ్బరు బ్యాండు తగిలించి మోకాలిని ఛాతీ వైపు లాగాలి. లాగడం కన్నా, బ్యాండు గుంజుతుంటే కాలిని నిదానంగా దించడంలోనే ఎక్కువ ఫలితం. అప్పుడు ఫిజియో కళ్లు కాలి మీద ఉండవు, నడుము మీద ఉంటాయి. నడుము బల్ల నుంచి లేచిందంటే కండరం చేయాల్సిన పని వెన్ను చేస్తోందని అర్థం. వెంటనే బ్యాండు మారుస్తారు. మర్నాడు వచ్చీరాగానే పొద్దున్న లేచినప్పుడు నొప్పి ఎలా ఉందో అడిగి, ఆ జవాబును బట్టే ఆ రోజు మోతాదు నిర్ణయిస్తారు. ఈ పనితనంలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఈ ఓపికే.

2023 జనవరిలో మెల్‌బోర్న్‌లో టెన్నిస్ ఆటగాడు రఫాయెల్ నాదల్ ఎడమ ఇలియోసోయాస్‌కు దెబ్బ తగిలినప్పుడు 6 నుంచి 8 వారాలన్నారు. జూన్‌లో ఆపరేషన్ అవసరమైంది. తిరిగి సింగిల్స్ ఆడేసరికి 2024 జనవరి వచ్చింది. అందుకే ఎప్పుడు ఆడొచ్చని అడిగితే తేదీ చెప్పకుండా, ఒక కాలి తర్వాత ఒకటి చేత్తో అదిమి రెండింటి బలమూ సరిచూసే ఫిజియో మీదే నాకు గురి.