ఆనకట్ట కింది నది

ఆనకట్టలపై రాసినంతగా మన కవులు ఆనకట్ట కింది నదిపై రాయలేదు. ఇది నింద కాదు, లోటు. 1955 డిసెంబరులో నాగార్జునసాగరానికి నెహ్రూ శంకుస్థాపన చేశారు. ఆ ఏడే సినారె ‘నాగార్జున సాగరం’ వెలువడింది. పేరు అదే అయినా కథ బౌద్ధయుగం నాటి ప్రేమకథ. ఇక కాంక్రీటు గోడలో భావియుగాన్ని దర్శించిన కవులైనా టర్బైను తిప్పి బయటపడ్డ నీటి వెంట నాలుగడుగులు నడవలేదు.

నడిచి ఉంటే ఏం కనపడేది? జలవిద్యుత్కేంద్రం నీటిని తాగదు. ఇంజనీరు ఆ మాట చెప్పి ఊరుకుంటాడు. కాని అది నీటి వేళను మారుస్తుంది. పట్నంలో దీపాలు వెలిగే వేళ యంత్రాలు తిరిగితే దిగువన ఏరు పొంగుతుంది. అర్ధరాత్రి గిరాకీ తగ్గి అవి ఆగితే రాళ్లు తేలుతాయి. శ్రీశైలం ఎడమగట్టున 150 మెగావాట్ల యంత్రాలు ఆరున్నాయి; దిగువ నీటిని తిరిగి పైకి తోడేందుకు కూడా వీలుగా వాటిని కట్టారు. ఋతువుకు లోబడిన నది గిరాకీకి లోబడింది. మిల్లుకూత శ్రమజీవి దినచర్యను ఎలా మార్చిందో వందసార్లు రాసిన మనం, నది దినచర్య మారిన సంగతి గమనించనే లేదు.

2021 జులైలో ఇదే తగవైంది. తెలంగాణ శ్రీశైలం, సాగర్, పులిచింతలల్లో విద్యుత్తు తీసింది. ఆనకట్టలపై పోలీసులు మోహరించారు. పులిచింతల నీరు ప్రకాశం బ్యారేజి దాటి సముద్రం చేరింది. ఆంధ్రప్రదేశ్ సుప్రీంకోర్టుకెక్కింది. ఎత్తిపోతలకు కరెంటు కావాలని ఒకరు, పంటకు దక్కవలసిన నీరు వృథా అయిందని మరొకరు. ఇద్దరి వాదనలోనూ బలముంది. విమర్శకుడికి పట్టింపు ఆ ‘వృథా’తోనే. హంసలదీవి వైపు మడ అడవికి, రొయ్యపిల్లకు ఉప్పును పలచన చేసే మంచినీరు వృథా ఎట్లా అవుతుంది? అట్లాగని మురిసిపోవడమూ పొరపాటే. అది నది తన వేళకు పంపిన నీరు కాదు, కరెంటు వేళకు వదిలిన నీరు.

ఆ వేళ మారడం ఎంత ఘోరమో 2014 జూన్ 8న హిమాచల్‌లో తెలుగువారు చూశారు. లార్జీ విద్యుత్కేంద్రపు ఆనకట్ట గేట్లెత్తి వదిలిన నీటిలో, దిగువన బియాస్ రాళ్లమీద నిలబడ్డ హైదరాబాదు ఇంజనీరింగు విద్యార్థులు 24 మంది, వెంట ఉన్న మరొకరు కొట్టుకుపోయారు. నది పిల్లల్ని పొట్టన పెట్టుకుందని మనం ఏడ్చాం. పెట్టుకున్నది నదేనా? గేట్లు వాటంతటవే లేవవు గదా! కర్తను దాచే వాక్యాన్ని, అది ఎంత కన్నీటితో తడిసినా, విమర్శ పట్టుకోవాలి.

మాకు దగ్గరి నది మంజీర. సింగూరు వద్ద 15 మెగావాట్ల చిన్న కేంద్రం ఉంది. దాని దిగువన ఘనపురం ఆనకట్ట, ఆపైన నిజాంసాగర్. జహీరాబాదులో మా విద్యార్థులను మంజీరపై వ్యాసం రాయమంటే చాలామంది సింగూరు జలాశయం అందాన్ని వర్ణించారు. దిగువ పల్లెనుంచి వచ్చిన ఒక అబ్బాయి మాత్రం నీళ్లు వదిలేముందు ఊళ్లో వేసే చాటింపు గురించి, అది విని ఏట్లో ఉన్న మోటార్లను, వలలను, గొర్లను గట్టెక్కించే హడావిడి గురించి అరపేజీ రాశాడు. వాక్యాల్లో తప్పులున్నాయి. ఆ చాటింపు వినిపించే కథ తెలుగులో నేనింతవరకు చదవలేదు. మిగతా అరపేజీ కూడా రాసుకురమ్మన్నాను.